ఆరు వారాల నొప్పి

ఢిల్లీ నుంచి ఆ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. జవాబు ఇచ్చుకోవడానికి ఇంకా మూడు రోజులే మిగిలాయి.

పోయిన నెల జాతీయ రోడ్ సైక్లింగ్ పోటీల్లో ఇరవై మూడేళ్ళ లోపు అమ్మాయిల పందెం హరిణి గెలిచింది. ఆ పందెం వీడియో చూసి ఐర్లండ్ నుంచి ఒక మహిళల జట్టు పిలుపు పంపింది. జూన్‌లో వచ్చి, మూడు నెలలు తమతో ఉండి, అక్కడి పందాల్లో తొక్కమంది. ఆ సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. గెలిచిన రోజు హరిణి ఇచ్చిన మూత్రం నమూనాలో నిషేధించిన మందు ఉన్నట్టు తేలిందనీ, వారంలోగా సంజాయిషీ రాయాలనీ ఢిల్లీలోని డోపింగ్ నిరోధక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. మందు పేరు ప్రెడ్నిసోలోన్, వాపూ నొప్పీ తగ్గించే స్టెరాయిడ్. ఆ పేరు ఆమె ఎన్నడూ విన్నది కాదు. ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి ఫోన్లో ఆ పేరును కూడబలుక్కుని చదువుతుంటే, పక్కనున్న కోచ్ రాజశ్రీ ఫోన్ లాక్కుని తనూ చదివింది. చదివి, "నాకు చెప్పకుండా ఏం వేసుకున్నావే?" అని అడిగింది.

"ఏం ఏసుకోలే మేడమ్."

ఆ మాట రాజశ్రీ నమ్మిందో లేదో హరిణికి ఇప్పటికీ తెలియదు. నిన్న సాయంత్రం మాత్రం ఒక మెసేజ్ వచ్చింది. "రేపు పొద్దున్న మీ ఇంటికి వస్తున్నా. అమ్మని పనికి వెళ్ళొద్దని చెప్పు."

ఏడున్నరకే ఎండ చుర్రుమంటోంది. నాచారం పారిశ్రామికవాడ వెనక వీధిలో, రెండో అంతస్తులో, ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇల్లు వాళ్ళది. రెయిలింగ్ పట్టుకుని హరిణి వీధి చివరకు చూస్తోంది. నాలుగు రోజులుగా సైకిలెక్కలేదు. ఎక్కవద్దని ఎవరూ అనలేదు. నాలుగున్నరకు మెలకువ వస్తుంది, కాళ్ళు వాటంతటవే మంచం దిగుతాయి, గోడకు ఆనించిన సైకిల్ కనిపించేసరికి మళ్ళీ పడుకుంటుంది. మామూలు రోజుల్లో ఐదింటికల్లా వరంగల్ హైవే మీద ఉండేది. వెనక మోపెడ్ మీద నాయిన. లారీ దగ్గరికొస్తే రెండు హారన్లు, బస్సయితే ఒకటి. ఉప్పల్ నుంచి బీబీనగర్ దాకా పోయి తిరిగొచ్చేలోపు తండ్రీ కూతుళ్ళ మధ్య ఆ హారన్లే మాటలు. అక్కడి నుంచి అటే లేత్ మిషన్ మీద పనికి వెళ్ళిపోయేవాడు ఉప్పలయ్య. ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆయన అరగంట ముందే లేచి, టీ కూడా తాగకుండా షిఫ్టుకు పోతున్నాడు. పోయేముందు కూతురి తల మీద ఒకసారి చెయ్యి పెడతాడు.

స్కూటర్ వచ్చి ఆగింది. హరిణి లోపలికి పరిగెత్తింది.

"అమ్మా, మేడమొచ్చింది."

సారలమ్మ వంటింట్లో ఉంది. గిన్నెలు కడిగిన చప్పుడొకటే వినిపించింది. అవి అంతకుముందే ఒకసారి కడిగిన గిన్నెలు.

రాజశ్రీకి నలభై దాటాయి. తణుకు నుంచి పెళ్ళయి వచ్చి చిల్కానగర్‌లో స్థిరపడింది. హబ్సిగూడలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. ఒకప్పుడు తనూ పందాలు తొక్కింది. హరిణిని ఆరేళ్ళ కిందట బడి వార్షికోత్సవంలో చూసి పట్టుకున్నది ఆమే. ఎప్పుడు వచ్చినా గడపలోనే "సారలమ్మగారూ, టీ పడెయ్యండి" అని అరిచే మనిషి, ఇవాళ చెప్పులు విప్పి, చాప మీద కూర్చుని, సంచిలోంచి పొడుగు నోటుబుక్కు తీసింది.

"టీ పెట్టాల్నా మేడమ్?" సారలమ్మ గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"వద్దండీ. తొమ్మిదిన్నరకి నేను బడిలో ఉండాలి. ముందు పని చూద్దాం. వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చి ఇక్కడ పెట్టండి. పసుపు, కారం కూడా. ఇంట్లో ఉన్న మందులన్నీ పెట్టండి. తలనొప్పి బిళ్ళ దగ్గర్నుంచీ."

చాప మీద ఒక్కొక్కటే చేరాయి. పప్పుల డబ్బాలు, నువ్వులు, బెల్లం, నొప్పికి రాసుకునే తైలం, జ్వరం బిళ్ళలు రెండు, కడుపులో గ్యాస్‌కు వేసుకునే, సగం చింపిన పొడి పొట్లం. రాజశ్రీ ప్రతి మూతా తీసి వాసన చూసింది, ప్రతి బిళ్ళ వెనకా అక్షరాలు చదివింది, రాసుకుంది. హరిణికి అదంతా చూస్తుంటే ఎవరో పోలీసులు వచ్చి ఇల్లు సోదా చేస్తున్నట్టు అనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పందెం వారం చెప్పు. ఆదివారం నుంచి."

"ఆదివారం రైలెక్కినం మేడమ్. ఇంట్లకెల్లి తెచ్చుకున్న పులిహోర తిన్న. సోమవారం హాస్టల్ల అన్నం, పప్పు, పెరుగు. పొద్దుగాల ఇంటి పిండితోని నా రాగిజావ నేనే కాచుకున్న."

"టీలు, కాఫీలు?"

"లేవు."

"ఎవరైనా జెల్ ఇచ్చారా? పౌడరు? చాక్లెట్టు?"

"ఎవ్వరి చేతికెల్లి ఏం తీస్కోలే. నీళ్ళు గూడ నా సీసనే. మీరు చెప్పినట్టే జేసిన మేడమ్."

రాజశ్రీ పెన్ను ఆపింది. "నిద్ర?"

"ఆఁ?"

"నిద్ర పట్టడం లేదని రెండుసార్లు అన్నావు నాతో. ఎప్పట్నుంచి పట్టలేదు?"

హరిణి ఆలోచించింది. "పోటీకి ముందు ఒక నెల సంది. భయానికి అనుకున్న."

"ఆకలి?"

"మస్తు అయ్యేది. తిన్న గంటకే మల్ల ఆకలి."

"మొహం ఉబ్బింది. ఉప్పు తగ్గించమని నేనే అన్నాను. ఇవన్నీ ఆ మందు గుర్తులే." రాజశ్రీ ఈ మాట తనలో తను అనుకున్నట్టు అంది. నోటుబుక్కు మూసింది. "హరిణీ, నీ మోకాలు ఎప్పుడు తగ్గింది?"

సంక్రాంతి దాటిన వారంలో నారపల్లి దగ్గర, ఫ్లైఓవర్ పనులు జరిగేచోట, కంకర మీద జారి పడింది హరిణి. ఎడమ మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఫిజియోథెరపిస్ట్ అటూ ఇటూ వంచి చూసి, ఆరు వారాలు సైకిల్ ముట్టుకోవద్దన్నాడు. ఆరు వారాలంటే జాతీయ పోటీలు పోయినట్టే. ఐర్లండ్ వాళ్ళు ఈ ఏడాది మన దేశంలో చూడదలచుకున్న పందెం అదొక్కటేనని అప్పటికే కబురు అందింది. ఆ వారమంతా హరిణి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

"ఫిబ్రవరి మొదట్ల తగ్గింది మేడమ్."

"తేదీ చెప్పు. నీ ఫోన్లో ఉంటుంది. మొదట ఎప్పుడు తొక్కావో చూడు."

హరిణి చూసింది. "ఫిబ్రవరి రెండు."

"పడింది ఇరవై మూడున. పది రోజులు. ఆరు వారాల నొప్పి పది రోజుల్లో పోయింది." రాజశ్రీ గొంతు తగ్గింది. "ఆ రోజు నువ్వు ఘట్‌కేసర్ దాకా తొక్కి, నొప్పి లేదు మేడమ్ అని ఫోన్ చేస్తే నేను ఎగిరి గంతేశాను. దేవుడి దయ అన్నాను. కోచ్‌ని కదా, ఎలా తగ్గిందని అడగాలి. అడగలేదు. నాకూ నువ్వు ఆ పందెంలో ఉండాలనే ఉంది." ఒక్క క్షణం కిటికీ వైపు చూసి మళ్ళీ ఇటు తిరిగింది. "ఆ పది రోజుల్లో కొత్తగా ఏం తిన్నావు?"

"ఏం లేదు మేడమ్. మామూలు తిండే. పొద్దుగాల రాగిజావ, గంతే."

"రాగిజావ ఎప్పుడూ తాగేదేగా."

"తాగేదే. గప్పుడు పిండి జర చేదుండె. పోటీలదాక గదే తాగిన, ఆడనే అయిపోయింది. మెంతులు ఏంచి కలిపినమన్నరు. మోకాలుకు మంచిదని."

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

రాజశ్రీ తల తిప్పి గుమ్మం వైపు చూసింది. హరిణీ చూసింది. సారలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గోడకు ఆనుకుని, కుడి మోకాలు చేత్తో పట్టుకుని మెల్లగా కూర్చుంది. కూర్చున్నాక కూడా చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"నేనే కలిపిన" అంది.

"ఏం కలిపారు?"

"మా తమ్ముడిచ్చే ఆకుల మందు. పొడి. కీళ్ళనొప్పులకు ఇస్తడు. నేను రెండేండ్ల సంది ఏసుకుంటున్న మేడమ్. పన్నెండు గంటలు నిలబడి మిక్చర్ పొట్లాలు కట్టే పని నాది. గది ఏసుకుంటెనే మెట్లెక్కుత, దిగుత. నాకు తగ్గింది గద, బిడ్డకు తగ్గదా అనుకున్న. రాగిపిండిల కలిపి పెట్టిన."

హరిణికి మొదట ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వా?"

సారలమ్మ తల వంచుకుంది.

"హాస్టల్ల పోరగాండ్లందరు టీ తాగుతుంటె నేను నా సీస పట్టుకొని పక్కకు కూసున్న. పెద్దమ్మోళ్ళ పెండ్లిల అన్నం గూడ తినలే. బయటి తిండి ముట్టొద్దు, ఇంటి తిండే తినాలె అని. ఇంటి తిండే తిన్న గదనే!" హరిణి చాప మీది డబ్బాను పక్కకు నెట్టింది. "నన్ను ఒక్క మాట అడగాల్సిందుండె."

"అడిగితె తాగుతుంటివా?"

"తాగకపోదును!"

"గందుకే" అంది సారలమ్మ.

హరిణి లేచి గదిలో నాలుగడుగులు వేసింది. వేయడానికి అంతకంటే చోటు లేదు. సైకిల్ సీటు మీద చెయ్యి ఆనించి నిలబడింది. తల్లి మీద అరవాలని ఉంది. తల్లి పక్కన కూర్చుని ఏడవాలనీ ఉంది. రెండూ చెయ్యలేకపోయింది.

రాజశ్రీ మాత్రం నోటుబుక్కు మళ్ళీ తెరిచింది. "ఎంత కలిపేవారు సారలమ్మగారూ?"

"చెంచెడు."

"కిలో పిండికా?"

"ఊ... కిలోకు. కాదు, రోజు జావల."

"పిండిలో కలిపానన్నారు కదండీ ఇందాక. జావలోనా, పిండిలోనా?"

"పిండిలనే మేడమ్. నాకు యాదికొస్తలేదు. ఎవరికి యాదుంటది గదంత?" సారలమ్మ పెదవులు తడుపుకుంది. "నేనే కలిపిన. రాసుకోండ్రి."

రాజశ్రీ ఆమె వైపు కాసేపు చూసింది. రాసుకుంది.

"సరే. ఇద్దరూ వినండి. ఏడవడానికి తర్వాత చాలా టైముంది. బంగారు పతకం ఎటూ పోతుంది. తెలిసి తిన్నా, తెలియక తిన్నా, ఆ రోజు ఒంట్లో మందు ఉంది కాబట్టి ఆ గెలుపు లెక్కలోకి రాదు. హరిణీ, ఆ మాట ఇప్పుడే మింగెయ్. మనం కాపాడుకోవాల్సింది తర్వాతి రోజుల్ని. తెలియక జరిగిందని నిరూపిస్తే కొద్ది నెలలతో పోవచ్చు. నిరూపించలేకపోతే రెండేళ్ళు. ఇరవై ఏళ్ళకి రెండేళ్ళంటే..." ఆగింది. "నిరూపించాలంటే రెండు కావాలి. ఒకటి, అమ్మ తన చేత్తో రాసిన కాగితం. రెండు, ఆ పొడి. దాన్ని ల్యాబులో పరీక్ష చేయించాలి. పొడి లేకపోతే ఇదంతా కథ అంటారు. పట్టుబడ్డ ప్రతివాళ్ళూ ఇంట్లోవాళ్ళనే అడ్డం పెట్టుకుంటారు వాళ్ళ దృష్టిలో. పొడి డబ్బా ఎక్కడుంది?"

"లేదు మేడమ్."

"అయిపోయిందా?"

"తమ్ముడు తీస్కపోయిండు. పొద్దుగాల ఆరింటికి, హరిణి లేవకముందే వచ్చిండు. నిన్న ఫోన్ చేసి అడిగిన, అందుల ఏం కలుస్తదిరా, బిడ్డకు ఢిల్లీ నుంచి గిట్ల ఉత్తరమొచ్చిందని. ఏం లేదక్కా, ఆకులే అన్నడు. తెల్లారంగనే వచ్చి డబ్బ అడిగిండు."

"ఎందుకిచ్చారండీ!"

"తమ్ముడు మేడమ్" అంది సారలమ్మ, దానికి వేరే కారణం ఎందుకన్నట్టు.

ఆ తమ్ముడే హరిణికి దుర్గేష్ మామ. ఉప్పల్ బస్ డిపో పక్క సందులో చిన్న దుకాణం అతనిది. నడుంనొప్పి, కీళ్ళనొప్పి, తిమ్మిర్లు అని అట్టముక్క మీద రాసి ఉంటుంది. పొద్దునే ముసలివాళ్ళు వరసగా కూర్చుంటారు. హరిణికి ఏడేళ్ళప్పుడు సైకిల్ సీటు పట్టుకుని గ్రౌండ్ చుట్టూ పరిగెత్తింది ఆ మామే. హరిణి ఫోన్ తీసి అతని నంబరు నొక్కింది. స్విచాఫ్.

"సాయంత్రంలోగా ఆ పొడి కావాలి" అంది రాజశ్రీ. "చిటికెడైనా చాలు. ఇక కాగితం రాయండి."

సారలమ్మ ఐదో తరగతి చదివింది. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ ఒత్తి ఒత్తి రాసింది. సారలమ్మ అను నేను, నా బిడ్డ హరిణికి తెలువకుండ, నా అంతట నేనే, రాగిపిండిల మందు కలిపిన. దీనితోని నా బిడ్డకు గని, ఇంట్ల ఇంకెవ్వరికి గని సంబంధం లేదు. ఆఖరి వాక్యం రాజశ్రీ చెప్పింది కాదు. రాసి, కింద సంతకం పెట్టి, ఎక్కడ తప్పు పోయిందోనని మళ్ళీ మొదటి నుంచి పెదవులు కదుపుతూ చదువుకుంది.

రాజశ్రీ ఆ కాగితం చింపి సంచిలో పెట్టుకుంది. "ఇంగ్లీషులో రాసి, దీని ఫొటో జతచేసి, పదకొండింటికల్లా ఢిల్లీకి పంపేస్తాను. ఎంత ముందు పంపితే అంత మంచిది. పొడి రిపోర్టు తర్వాత ఇద్దాం." లేచి నిలబడింది. "ఇంకొకటి. ఐర్లండ్ వాళ్ళకి నువ్వే చెప్పాలి. ఇవాళే."

హరిణి ఒక అడుగు ముందుకు వేసింది. "రద్దు జేస్తరు మేడమ్."

"చెయ్యొచ్చు."

"మూడు రోజులాగి చెప్తె? పొడి దొరికినంక?"

"ఈలోపు వాళ్ళకి ఇంకెవరి ద్వారానో తెలిస్తే?" రాజశ్రీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పొద్దుట్నుంచీ మొదటిసారి. "నిన్ను పిలిచింది నీ కాళ్ళని చూసి మాత్రమే కాదు. ఆ పందెంలో ఒకమ్మాయి కింద పడితే నువ్వు వెనక్కి తిరిగి చూశావని రాశారు వాళ్ళు. అలాంటి వాళ్ళకి అబద్ధం చెప్పకు."

హరిణి నిలబడే టైపు చేసింది. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు. నా నమూనాలో మందు దొరికింది. నాకు తెలియకుండా మా అమ్మ ఇంట్లో పిండిలో కలిపింది. మేము సంస్థకు నిజం చెబుతున్నాము. మీకు కూడా నిజం చెప్పాలని రాస్తున్నాను. రాజశ్రీ ఒక్క స్పెల్లింగు సరిచేసింది. హరిణి కళ్ళు మూసుకుని మీట నొక్కింది. పంపాక ఛాతీ మీద బరువేదో కాస్త కదిలినట్టయింది. నిజం చెప్పేశాను, ఇక ఏమైతే అదవుతుంది అనుకుంది.

స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరిగిపోయింది.

తల్లీ కూతుళ్ళిద్దరే మిగిలారు. చాప మీద డబ్బాలన్నీ మూతలు తీసి ఉన్నాయి. పదిన్నర దాటాక హరిణి ఒక్కొక్కటే మూత పెట్టసాగింది. సారలమ్మ ఎదురుగా కూర్చుని తనూ పెట్టింది.

"నన్ను తిట్టరాదే" అంది సారలమ్మ చివరికి.

"తిడితె పోతదా?"

"పోదు."

హరిణి తల్లి మోకాలి వైపు చూసింది. వాచి, చీర కింద గుండ్రంగా కనిపిస్తోంది. "నువ్వు గూడ అది తినకమ్మా. గది ఆకుల మందు గాదు. ఇన్నేండ్లు తింటె ఒళ్ళంత ఖరాబైతదట."

ఆ మాటకు సారలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి, తలుపు వెనక మేకుకు తగిలించిన తన డ్యూటీ సంచి దించింది. టిఫిన్ డబ్బా కింద చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం పొట్లం తీసింది.

"మధ్యాన్నం కాలు గుంజితె ఏసుకుందామని పని కాడ పెట్టుకుంట. ఇది తమ్మునికి ఎరుకలేదు. మేడమ్ ముందట తీద్దామనుకున్న. చెయ్యి రాలే." పొట్లం కూతురి చేతిలో పెట్టింది. "వాడు నా చేతుల మీద పెరిగిండే. మా అమ్మ పోయినప్పుడు వానికి ఐదేండ్లు. గా ల్యాబోళ్ళు పోలీసులకు చెప్తరా?"

హరిణికి తెలియదు. పొట్లం బరువే లేదు. లోపల బూడిదరంగు పొడి నాలుగు చెంచాలు కూడా ఉండదు. దీనిలోనే రెండేళ్ళున్నాయి అనుకుంది. ఫోన్ అందుకోబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బరువైన అడుగులు, రెండేసి మెట్లు ఎక్కుతున్నట్టు.

దుర్గేష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. ముందు చాప మీది డబ్బాలు చూశాడు. తర్వాత హరిణి చేతిలోని పొట్లం చూశాడు.

"అక్కా, అదెక్కడిది?"

దుర్గేష్ లోపలికి వచ్చి చెయ్యి చాచాడు.

"హరిణీ, అది నాకియ్యి బిడ్డా."

"ఎందుకు మామా? ఆకులే గద?" హరిణి పొట్లాన్ని పిడికిట్లో బిగించింది. "ఆకులైతె భయమెందుకు?"

"నీకు సమజ్ గాదు. అది ల్యాబుకు పోతె ముందుగాల నా దుకాణం మూస్తరు. నేను తయారు చేసేటోన్ని గాదు. ప్యాకెట్లల్ల వస్తది, చిన్న పొట్లాలు గట్టి ఇస్త. అందుల ఏం కలుపుతరో నాకేమెరుక? నాకొక పిల్ల ఉన్నది."

ఆ మాట దగ్గర సారలమ్మ తల ఎత్తింది.

"ఔ. ఆమని" అంది. "దీపావళి ముందు దాని కాలు బెణికింది గదరా. బడికి పోలే వారం దినాలు. నీ మందు పెట్టినవా దానికి?"

దుర్గేష్ గుమ్మం వైపు చూశాడు.

"పెట్టలే. దవాఖానకు తీస్కపోయినవ్. నేనే తోడొచ్చిన." సారలమ్మ గొంతు పెద్దది కాలేదు. "అప్పుడు అడుగుదామనుకున్న, ఇంట్ల ఇంత మందుండంగ దవాఖాన ఎందుకురా అని. అడగలే. నీకు ఎరుకే, కాదురా? నీ పిల్లకు పెట్టని మందు నాకు పెట్టినవ్. నా పిల్లకు పెట్టినవ్."

"నేను పెట్టలే!" దుర్గేష్ ఒక్కసారిగా అరిచాడు. పక్కింటి తలుపు చప్పుడైంది. అతను గొంతు తగ్గించాడు, కానీ ఆగలేదు. "నేను వద్దనే అన్న. ఆటలాడే పిల్లకు ఇది వద్దు, పరీక్షలు గిట్ల చేస్తరు అని చెప్పిన. మొత్తుకున్న. ఇంకెంతసేపక్కా నీ మీద ఏసుకుంటవ్? బావ వచ్చి నా దుకాణంల కూసున్నడు. పది రోజుల్ల నా బిడ్డ సైకిలెక్కాలె, నువ్వియ్యకపోతె ఇంకో కాడ తెచ్చుకుంట అన్నడు. గిర్నిల పిండి పట్టించిందెవరు? కలిపిందెవరు? నీకు ఉత్తరం వచ్చేదాక తెల్వనే తెల్వదు గద!"

హరిణి పిడికిట్లోని పొట్లం వైపు చూసింది.

మెంతులు వేయించి కలిపినమన్నది ఎవరో హరిణికి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పిండి సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, నవ్వుతూ, చెమట తుడుచుకుంటూ అన్నాడు. నాయిన.

ఆమె తల్లి వైపు చూసింది. కాదను అన్నట్టు చూసింది. సారలమ్మ కాదనలేదు. కళ్ళు దించుకుని, మూత పెట్టిన డబ్బాకే మళ్ళీ మూత బిగిస్తోంది.

అంటే ఆ కాగితంలో ఒత్తి ఒత్తి రాసిన అక్షరాలన్నీ అబద్ధం. ఐర్లండ్ వాళ్ళకు నిజం చెబుతున్నానని తను రాసిందీ అబద్ధమే. హరిణి గడియారం చూసింది. పదకొండుకు ఏడు నిమిషాలుంది. రాజశ్రీ నంబరు నొక్కింది.

"అమ్మా హరిణీ, నేనే చేద్దామనుకుంటున్నా." రాజశ్రీ గొంతులో అలసట, దానితో పాటు ఏదో ఊరట. వెనక పిల్లల అల్లరి వినిపిస్తోంది. "ఇందాకే పంపేశాను. అందినట్టు జవాబు కూడా వచ్చింది. రేపు పొద్దున అమ్మతో వీడియోలో మాట్లాడతారట, ప్రమాణం చేయించి. మీ అమ్మగారికి భయపడొద్దని చెప్పు. జరిగింది జరిగినట్టు చెబితే చాలు."

సారలమ్మ వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది. చల్లటి, తడి చెయ్యి. గొంతు బయటికి రాకుండా, పెదవులతోనే అంది. "చెప్పకు బిడ్డా. మీ నాయిన ఆగడు. ఆయన పాణం తట్టుకోదు."

"హరిణీ?" అంది ఫోన్లో రాజశ్రీ. "ఏమైందే? ఉన్నావా? మాట్లాడు."